గోల్స్ కొట్టే డిఫెండర్ గురించి వాదించాలంటే ఏం చూడాలి, ఎలా చూడాలి

చెన్నైలో హాకీ చూసే తెలుగువాళ్లు నలుగురు ఒకచోట చేరితే చాలు, పది నిమిషాల్లో మాట భారత జట్టు డిఫెండర్ హర్మన్‌ప్రీత్ సింగ్ మీదికి మళ్లుతుంది. ఎగ్మోర్‌లో మేయర్ రాధాకృష్ణన్ స్టేడియం బయట టీ తాగుతూ మొదలైన గొడవ సెంట్రల్‌లో రైలెక్కాక కూడా ఆగదు, గూడూరు దాటేదాకా నడుస్తూనే ఉంటుంది. "అతను లేకపోతే మనకి గోల్ ఎవడు కొడతాడ్రా?" అని ఒకడు. "పెనాల్టీ కార్నర్ తీసేసి చూడు, స్పీడున్న ఫార్వర్డ్ ఎదురొస్తే ఏం చేస్తాడో చెప్పు" అని ఇంకొకడు. పెనాల్టీ కార్నర్ అంటే ఎదుటివాళ్లు తమ గోల్ దగ్గర తప్పు చేస్తే మనకి దొరికే షాట్ అవకాశం. ఇద్దరి గొంతులూ లేస్తాయి. ఒకడు మాట్లాడేది గోల్స్ గురించి, రెండోవాడు మాట్లాడేది డిఫెన్స్ గురించి, అంటే వాళ్లు అసలు ఒకే విషయం మీద గొడవ పడటమే లేదు.

ఈ వాదన నాకు చాలా ఇష్టం. డిఫెండర్‌గా ఉంటూ గోల్స్ కొట్టే ఆటగాడిని సరిగ్గా తూచడం నేర్చుకుంటే మిగతా హాకీ సగం దానంతట అదే అర్థమవుతుంది. అందుకే దీన్ని ఎలా చేస్తే ఉపయోగమో నాకు తెలిసినంతలో రాస్తున్నాను. ఉదాహరణలన్నీ ఎక్కువగా హర్మన్‌ప్రీత్‌వే, ఎందుకంటే అతని మ్యాచ్‌లు మనందరం చూశాం. ఇదే పద్ధతి ఏ ఫ్లికర్‌కైనా, అంటే కార్నర్ మీద బంతిని స్టిక్‌తో లాక్కుంటూ వెళ్లి విసిరేవాడెవరికైనా, పనికొస్తుంది.

ముందు ప్రశ్న ఏదో తేల్చుకోండి

"హర్మన్‌ప్రీత్ గొప్పవాడా కాదా" అనే ప్రశ్నతో మొదలుపెడితే అది ఎప్పటికీ తేలదు. అందులో నాలుగు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ప్రపంచంలో మేటి డ్రాగ్ ఫ్లికర్లలో ఒకడా? బంతి ఎదుటివాళ్ల దగ్గర ఉన్నప్పుడు మంచి డిఫెండరా? మన టీమ్‌లో అతని చోటు ఇంకెవరైనా నింపగలరా? కెప్టెన్‌గా ఎలాంటివాడు? ఒక్కోదానికి ఒక్కో జవాబు రావచ్చు, వస్తుంది కూడా. వాదన మొదట్లోనే "మనం ఇప్పుడు రెండో ప్రశ్న మాట్లాడుతున్నాం" అని పైకి చెప్పేసుకోండి. ఓడిపోతున్న మనిషి మధ్యలో మెల్లగా వేరే ప్రశ్నలోకి జారుకుంటాడు. డిఫెన్స్ గురించి అడిగితే ప్యారిస్‌లో 10 గోల్స్ అంటాడు, గోల్స్ గురించి అడిగితే 2023 వరల్డ్ కప్‌లో కెప్టెన్‌గా ఏం చేశాడని తిరిగి అడుగుతాడు. అక్కడే ఆపి మళ్లీ మొదటి ప్రశ్నకి తీసుకురండి.

అవార్డుల గురించి ఒక్క మాట. అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఇచ్చే ఉత్తమ ఆటగాడి అవార్డు అతనికి 2020-21లో, 2021-22లో, మళ్లీ 2024లో వచ్చింది. ఖేల్‌రత్న కూడా వచ్చింది. అవన్నీ గౌరవమే, కానీ ఒంటరిగా ఎదురైన ఫార్వర్డ్‌ని అతను ఎలా ఆపుతాడో అవి చెప్పవు. వాదనలో అవార్డు తెచ్చాడంటే మ్యాచ్ సరిగ్గా చూడలేదనే అర్థం.

గోల్స్ లెక్కని విడదీయండి

ప్యారిస్ ఒలింపిక్స్ 2024 తీసుకుందాం. ఇండియా మొత్తం కొట్టింది 15 గోల్స్, అందులో హర్మన్‌ప్రీత్‌వి 10. అంటే మూడింట రెండు వంతులు ఒక డిఫెండర్ స్టిక్ నుంచే వచ్చాయి. ఈ ఒక్క ముక్క చెప్పి వాదన ముగించేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆగండి. ఆ 10లో 7 పెనాల్టీ కార్నర్ల మీద, 3 పెనాల్టీ స్ట్రోకుల మీద, అంటే కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టే షాట్ల మీద, వచ్చాయి. ఆట నడుస్తుండగా కొట్టిన ఫీల్డ్ గోల్ ఒక్కటీ లేదు.

ఇది అతన్ని తగ్గించే మాట కాదు. న్యూజిలాండ్ మీద 59వ నిమిషంలో స్ట్రోక్, అర్జెంటీనా మీద మళ్లీ 59వ నిమిషంలోనే కార్నర్, ఈ రెండూ లేకపోతే మన గ్రూప్ కథే వేరేగా ఉండేది. కాంస్యం కోసం స్పెయిన్‌తో ఆడిన మ్యాచ్ 2-1, రెండూ అతనివే. అంత టెన్షన్‌లో చేతులు వణక్కుండా కొట్టడం చిన్న సంగతి కాదు. కానీ ఈ లెక్క మనకి చెప్పేది ఏమిటంటే, అతని అటాకింగ్ బలం అంతా ఆట ఆగి మళ్లీ మొదలయ్యే చోట ఉంది. ఆ కార్నర్ సంపాదించేది మాత్రం ముందున్న ఫార్వర్డ్‌లు, మిడ్‌ఫీల్డర్లు. సర్కిల్‌లోకి, అంటే గోల్ ముందు గీసిన అర్ధవృత్తంలోకి, దూసుకెళ్లి ఎదుటివాడి కాలికి బంతి తగిలేలా చేసే మన్‌దీప్ సింగ్ లాంటివాళ్ల పేరు స్కోర్ కార్డులో పడదు. కాబట్టి "10 గోల్స్" అన్నప్పుడు అందులో కొంత వాటా వాళ్లకి ఇవ్వకపోతే లెక్క తప్పు.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది బలమైనదే. హర్మన్‌ప్రీత్ ఉన్నాడు కాబట్టే ఎదుటి టీమ్ సర్కిల్‌లో టాకిల్ చేయడానికి భయపడుతుంది, కాలు పెట్టడానికి వెనకాడుతుంది, దానివల్ల మన ఫార్వర్డ్‌లకి జాగా దొరుకుతుంది అంటారు. నేను దీన్ని సగం ఒప్పుకుంటాను. పూర్తిగా ఒప్పించాలంటే ఫలానా మ్యాచ్‌లో ఫలానా నిమిషంలో డిఫెండర్ వెనక్కి తగ్గాడు అని చూపించాలి.

పెనాల్టీ కార్నర్ని ముక్కలుగా చూడటం

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే జనం తప్పు చేసేది ఇక్కడే. 2023 ఆగస్టులో చెన్నైలో ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీ జరిగింది కదా. జపాన్‌తో లీగ్ మ్యాచ్ 1-1 డ్రా అయింది. ఆ రోజు ఇండియాకి 15 పెనాల్టీ కార్నర్లు వచ్చాయి, గోల్ అయింది ఒక్కటి, అదీ హర్మన్‌ప్రీత్ కొట్టిందే. గ్యాలరీ నుంచి దిగి వస్తుంటే అందరి నోటా ఒకటే మాట, "15లో ఒకటా?" అని. ఆ వారమే పాకిస్తాన్ మీద 4-0తో గెలిచాం, అందులో 2 అతనివి. అంతే, "కింగ్" అన్నారు. అదే మనిషి, అదే టర్ఫ్.

కార్నర్‌లో నలుగురి పని ఉంటుంది. ఒకడు గోల్‌పోస్ట్‌కి కనీసం 10 మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద నుంచి బంతిని తోస్తాడు. ఇంకొకడు సర్కిల్ బయట దాన్ని స్టిక్‌తో ఆపుతాడు. బంతి సర్కిల్ దాటి బయటికి వెళ్లాకే షాట్ కొట్టాలి. ఫ్లికర్ పరుగున వచ్చి, ఒంగి, బంతిని స్టిక్ వంపులో పట్టి లాక్కుంటూ వెళ్లి విసురుతాడు. అవతల గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు, మిగతావాళ్లంతా సెంటర్ లైన్ అవతల. ఆ ఐదుగురిలో ముఖానికి మాస్క్, మోకాళ్లకి ప్యాడ్ కట్టుకుని నేరుగా ఫ్లికర్ మీదికి పరిగెత్తేవాడు ఫస్ట్ రషర్. డ్రాగ్ ఫ్లిక్‌కి ఇంత విలువ ఎందుకంటే, కార్నర్ మీద మొదటి షాట్‌ని హిట్ కొడితే అది గోల్ వెనక బోర్డు ఎత్తు, అంటే 460 మిల్లీమీటర్లు దాటకూడదు. ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు. పై మూలకి విసరొచ్చు.

ఇప్పుడు టీవీలో స్లో మోషన్ వేసినప్పుడు ఫ్లికర్‌ని చూడకండి, బంతి ఆపేవాడి స్టిక్‌ని చూడండి. బంతి కుదురుగా ఆగిందా, కొంచెం ఎగిరిందా, ముందుకు జారిందా? అర అడుగు పక్కకి ఆగితే చాలు, ఫ్లికర్ వేసుకున్న అడుగుల లెక్క చెడిపోతుంది, బంతి స్టిక్ వంపులో సరిగ్గా కూర్చోదు, ఆ లోపు రషర్ రెండు అంగలు ఎక్కువ వేసేస్తాడు. అప్పుడు షాట్ రషర్ కాలికి తగిలితే తప్పు ఎవరిది? బయటికి మాత్రం "హర్మన్‌ప్రీత్ మిస్ చేశాడు" అనే పేరే వస్తుంది. స్టేడియంలో అయితే గోల్ వెనక వైపు సీటు దొరికితే బాగుంటుంది, షాట్ ఏ మూలకి వెళ్లిందో, కీపర్ ముందే ఎటు ఒరిగాడో అక్కడి నుంచి తెలుస్తుంది.

ఇంకొక చిన్న రూల్ ఉంది, చాలామందికి తెలియదు, కానీ లెక్కని పూర్తిగా మార్చేస్తుంది. రషర్ 5 మీటర్ల లోపల ఉండగా మొదటి షాట్ అతని మోకాలి కింద తగిలితే మళ్లీ కార్నర్ ఇస్తారు. అది మళ్లీ తగిలితే ఇంకోటి. అలా ఒకే దాడి మీద వరుసగా మూడు నాలుగు కార్నర్లు పడుతుంటాయి. స్కోర్ బోర్డులో 15 అని కనిపించినా, ఆట తీరు ప్రకారం చూస్తే అవి అంతకంటే చాలా తక్కువ దాడులు. అందుకని "ఎన్ని కార్నర్లలో ఎన్ని గోల్స్" అని అడగకుండా "ఎన్ని దాడులు కార్నర్ దాకా వెళ్లాయి, వాటిలో ఎన్ని గోల్ అయ్యాయి" అని అడగండి. అయితే ఇక్కడే హర్మన్‌ప్రీత్ మీద న్యాయమైన విమర్శ కూడా ఉంది. వరుసగా రషర్ కాళ్లకే కొడుతున్నాడంటే ఎదుటివాళ్లు అతని పరుగు చదివేశారనే అర్థం. అలాంటప్పుడు బంతిని పక్కకి నెట్టి వేరేవాడితో కొట్టించడం, లేదా కీపర్ ముందు ఇంకొకడి స్టిక్‌కి తగిలేలా పంపడం లాంటి మార్పులు ఎంత తొందరగా మొదలుపెడతాడో చూడాలి. మన టీమ్ ఆ మార్పులు ఆలస్యంగా తెస్తుందని నా అభిప్రాయం. అతనికి తన ఫ్లిక్ మీద నమ్మకం ఎక్కువ, అది మంచిరోజున వరం, చెడ్డరోజున మొండితనం.

కార్నర్ లేని సమయంలో అతన్నే చూడండి

మ్యాచ్‌లో నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 15 నిమిషాలు. వాదించాలనుకునేవాళ్లు ఒక్క క్వార్టర్ బంతిని వదిలేసి ఒకే ఆటగాడిని చూడాలి. కష్టమే, బంతి ఎక్కడికో పోయినప్పుడు కళ్లు దాని వెనకే పరిగెడతాయి. కానీ డిఫెండర్ గురించి తెలిసేది బంతి అతని దగ్గర లేనప్పుడే. టీవీలో కెమెరా బంతి వెంటే వెళ్తుంది కాబట్టి ఈ పని స్టేడియంలో చేయాల్సిందే, అదీ పక్క గ్యాలరీలో కొంచెం ఎత్తులో కూర్చుని.

నాకు హర్మన్‌ప్రీత్‌లో అందరికంటే నచ్చేది ఫ్లిక్ కాదు, వెనక నుంచి బంతి ఇచ్చే తీరు. ఎదుటి టీమ్ ముందుకొచ్చి ఒత్తిడి పెట్టినప్పుడు మామూలు డిఫెండర్ పక్కకి చిన్న పాస్ ఇచ్చి బరువు దించుకుంటాడు. ఇతను తల ఎత్తి చూసి, బంతి కింద స్టిక్ పెట్టి, మిడ్‌ఫీల్డ్ మొత్తాన్ని దాటించి గాల్లో అవతలి వైపుకి లేపుతాడు. అలా పైనుంచి వచ్చే బంతిని అందుకునేవాడికి రూల్ ప్రకారం ఎదుటివాళ్లు 5 మీటర్ల జాగా ఇవ్వాలి, అతను దాన్ని కిందికి దించి అదుపులోకి తెచ్చుకునేదాకా దగ్గరికి రాకూడదు. అంటే ఒక్క మంచి ఏరియల్‌తో ఆరేడుగురు ప్రత్యర్థులు ఆట నుంచి తప్పుకున్నట్టే. ఇది గోల్స్ పట్టికలో రాదు, అసిస్ట్‌గా కూడా రాదు, ఎందుకంటే ఆ తర్వాత ఇంకో రెండు పాస్‌లు పడతాయి. వాదనలో అతని వైపు మాట్లాడేవాళ్లు 10 గోల్స్ పక్కన పెట్టి దీన్ని ముందుకు తేవాలి.

అయితే ఆ పొడుగు బంతి తప్పిపోతే? బంతి పోయిన క్షణంలో అతను ఎక్కడ ఉన్నాడు, వెనక్కి తిరగడానికి ఎంతసేపు పట్టింది, పక్కన ఎవరు కవర్‌కి ఉన్నారు, ఈ మూడూ చూడండి. ఇక్కడ నా అంచనా సూటిగా చెప్తాను. ఎదురుగా వచ్చేవాడిని నిలబెట్టి ఆపడంలో అతను గట్టివాడే, స్టిక్ దూరం అందుతుంది. సైడ్‌లైన్ వైపు విశాలమైన జాగాలో వేగంగా తిరిగే ఫార్వర్డ్‌తో ఒంటరిగా మిగిలితే మాత్రం అంత గట్టివాడు కాదు. ప్రపంచ స్థాయి డిఫెండర్లలో కాళ్ల వేగం విషయంలో అతన్ని ముందు వరసలో పెట్టలేను.

ఎవరి తప్పో తేల్చకుండా తప్పు అంటగట్టొద్దు

గోల్ పడగానే కెమెరా దగ్గరలో ఉన్న డిఫెండర్ మీదికి పోతుంది. అతనే దోషి అయిపోతాడు. కానీ గోల్‌కి మూడు పాస్‌ల ముందు ఏం జరిగిందో చూడాలి. మిడ్‌ఫీల్డ్‌లో బంతి పోగొట్టుకున్నది ఎవరు? వెనక్కి రావాల్సినవాడు నడుచుకుంటూ వచ్చాడా? టీమ్ ప్లాన్‌లోనే డిఫెండర్‌ని పైకి పంపారా? పైకి వెళ్లమన్నది కోచ్ అయినప్పుడు వెనక ఖాళీ దొరికిందని ఆటగాడిని తిడితే ఎలా?

ఈ విషయంలో ప్యారిస్ క్వార్టర్ ఫైనల్ మంచి పాఠం. గ్రేట్ బ్రిటన్‌తో మ్యాచ్, 17వ నిమిషంలో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్. మిగిలిన 40 నిమిషాలకు పైగా పదిమందితోనే ఆడారు. హర్మన్‌ప్రీత్ 22వ నిమిషంలో కార్నర్ మీద గోల్ కొట్టాడు, తర్వాత 1-1 అయింది, ఆ స్కోర్‌ని చివరిదాకా నిలబెట్టి షూటౌట్‌లో 4-2తో గెలిచారు. కీపర్ శ్రీజేష్ గోల్‌లో ఎంత చేశాడో అందరికీ తెలుసు. కానీ అతని ముందు ఆ సర్కిల్‌ని కాసిన డిఫెన్స్ నడిపించింది ఎవరు? "హర్మన్‌ప్రీత్‌కి డిఫెన్స్ రాదు" అనేవాళ్లని ఆ రెండో సగం మళ్లీ చూడమనండి. దగ్గర దగ్గరగా నిలబడి, జాగా ఇవ్వకుండా, సర్కిల్ అంచుల్లో బంతిని ఆపే ఆటలో అతను సరిపోతాడు.

అదే నాణేనికి రెండో వైపు సెమీఫైనల్. సస్పెన్షన్ వల్ల రోహిదాస్ లేడు, జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం. మన వైపు కార్నర్లకి ఫస్ట్ రషర్‌గా ప్రాణాలకి తెగించి పరిగెత్తేది రోహిదాసే. ఆ మ్యాచ్‌లో జర్మనీ ఫ్లికర్ గొంజాలో పెయ్యా కార్నర్ మీద గోల్ కొట్టాడు. రోహిదాస్ ఉంటే ఆపేవాడా అంటే చెప్పలేం, కానీ హర్మన్‌ప్రీత్ బలహీనత ఎంత కనిపిస్తుంది అనేది పక్కన ఎవరున్నారు అన్నదాని మీద ఆధారపడుతుందని మాత్రం చెప్పొచ్చు. వేగం తక్కువున్న డిఫెండర్ పక్కన చురుకైనవాడిని పెట్టడం కోచ్ పని. వాదించేటప్పుడు ఇద్దర్నీ జంటగా తూచండి.

నంబర్లు ఎప్పుడు మోసం చేస్తాయి

ఐస్ హాకీలో ఇదే గొడవ ఎప్పటినుంచో ఉంది. చెన్నైలో కెనడా ప్రాజెక్టుల మీద పనిచేసే మనవాళ్లు కొందరు అటువైపు టీమ్‌మేట్స్ పుణ్యమా అని ఎన్‌హెచ్‌ఎల్ అనే అక్కడి ఐస్ హాకీ లీగ్ చూడటం మొదలుపెట్టారు, వాళ్లు డిఫెండర్ ఎరిక్ కార్ల్‌సన్ పేరు తీస్తారు. అతను 2022-23లో శాన్ హోసే షార్క్స్‌కి ఆడుతూ 25 గోల్స్, 76 అసిస్ట్‌లు, మొత్తం 101 పాయింట్లు చేశాడు. 1991-92లో బ్రయన్ లీచ్ తర్వాత ఒక డిఫెండర్ 100 దాటడం అదే మొదలు. మూడోసారి నోరిస్ ట్రోఫీ, అంటే ఉత్తమ డిఫెండర్ అవార్డు, కూడా గెలిచాడు. అదే సీజన్‌లో అతని ప్లస్-మైనస్ చూస్తే మైనస్ 26. "చూశావా, డిఫెన్స్ చెయ్యడు" అంటారు.

ఆ నంబర్ ఎలా పుడుతుందో తెలిస్తే అంత ధీమాగా మాట్లాడరు. ఆటగాడు మంచు మీద ఉన్నప్పుడు తన టీమ్ గోల్ కొడితే ప్లస్, ఎదుటివాళ్లు కొడితే మైనస్. కానీ పవర్ ప్లేలో, అంటే ఎదుటి టీమ్‌లో ఒకడు శిక్ష పడి బయట ఉన్నప్పుడు, కొట్టిన గోల్‌కి ప్లస్ రాదు. ఆ పవర్ ప్లేలోనే ఎదుటివాళ్లు తిరిగి కొడితే మాత్రం మైనస్ పడుతుంది. ఓడిపోతున్నప్పుడు చివర్లో కీపర్‌ని తీసేసి దాడికి దిగితే మైదానంలో ఉండేది ఇలాంటి అటాకింగ్ డిఫెండరే, ఖాళీ గోల్‌లో పడినదానికి మైనస్ కూడా అతనికే. పైగా సొంత కీపర్ ఆడకపోతే అదీ ఇతని ఖాతాలోనే. అడుగున ఉన్న టీమ్‌లో ఆడేవాడికి ఈ నంబర్ పైకి లేవడం కష్టం. ఫీల్డ్ హాకీలో ప్లస్-మైనస్ వాడకపోయినా పాఠం ఒకటే. నంబర్ చెప్పినవాడిని అది ఏమేం లెక్కలోకి తీసుకుంటుందో, ఏది వదిలేస్తుందో అడగండి. చెప్పలేకపోతే ఆ నంబర్ని ఆ పూటకి పక్కన పెట్టేయండి.

పోలికలు పెట్టేటప్పుడు

మా పెదనాన్న రైల్వేలో పనిచేసి పెరంబూర్‌లో స్థిరపడ్డారు, హాకీ అంటే ప్రాణం. ఆయన ముందు హర్మన్‌ప్రీత్ పేరు ఎత్తితే "పర్గత్ సింగ్ వెనక నుంచి బంతి తీసుకుని ముగ్గుర్ని దాటించుకుంటూ పోయేవాడు, మీ వాడు అలా వెళ్తాడా?" అంటారు. పెద్దాయనతో గొంతు పెంచి వాదించను, కానీ ఒక సంగతి మర్యాదగా గుర్తుచేస్తాను. ఆ పాత తరం భారత డిఫెండర్ పర్గత్ ఎక్కువ కాలం ఆడింది ఆఫ్‌సైడ్ రూల్ ఉన్న రోజుల్లో. 90ల్లో అది తీసేశాక ఫార్వర్డ్ ఎక్కడైనా కాపుకాయొచ్చు, డిఫెండర్ ముందుకు వెళ్తే వెనక ఎంత ఖాళీ మిగులుతుందో ఆలోచించాలి. కాబట్టి పర్గత్ పరుగు, హర్మన్‌ప్రీత్ ఏరియల్, రెండూ తమ తమ కాలంలో బంతిని ముందుకి చేర్చే దారులు. ఏది అందంగా ఉందంటే పెదనాన్నే నెగ్గుతారు. ఏది ఇప్పటి ఆటకి సరిపోతుందంటే నేను.

పాకిస్తాన్ ఫ్లికర్ సొహైల్ అబ్బాస్ 348 గోల్స్ అంటూ వచ్చేవాళ్లు ఉంటారు. ఫ్లికర్‌గా ఆయన దిగ్గజం, అందులో సందేహం లేదు, హర్మన్‌ప్రీత్ 200 దాటాడు. కానీ ఆయన మొదలుపెట్టిన రోజుల్లో రషర్లకి ఇప్పటిలా మాస్కులు, ప్యాడ్లు, వీడియో చూసి తయారయ్యే పద్ధతులు లేవు. అంకెల్ని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం ఇద్దరికీ అన్యాయమే.

ఈ కాలంవాళ్లతో పోల్చడం మేలు. పెయ్యా 2016 రియోలో అర్జెంటీనాకి స్వర్ణం తెచ్చిన ఫ్లికర్, తర్వాత జర్మనీకి మారి 2023లో వరల్డ్ కప్ గెలిచాడు. హాకీ ఇండియా లీగ్‌లో హైదరాబాద్ తూఫాన్స్‌కి ఆడాడు కాబట్టి మనవాళ్లకి అతనంటే కాస్త పక్షపాతం, నాకూ ఉంది. బెల్జియం అలెగ్జాండర్ హెండ్రిక్స్ టోక్యోలో 14 గోల్స్ కొట్టాడు. హెండ్రిక్స్ వెనక ఉన్నది అప్పటి ప్రపంచ చాంపియన్ టీమ్, దాడికి దాడి, డిఫెన్స్‌కి డిఫెన్స్ అన్నీ కుదిరిన టీమ్. అక్కడ ఫ్లికర్ మీద మోయాల్సిన బరువు తక్కువ. హర్మన్‌ప్రీత్ ఫ్లిక్ కొట్టాలి, వెనక నుంచి బంతి ఇవ్వాలి, డిఫెన్స్ కాయాలి, కెప్టెన్సీ చేయాలి. 2023 జనవరిలో ఒడిశాలో వరల్డ్ కప్ జరిగినప్పుడు ఈ బరువు కళ్లకి కట్టింది. స్పెయిన్ మీద మొదటి మ్యాచ్‌లో పెనాల్టీ స్ట్రోక్ కూడా పోయింది, ఫ్లిక్‌లు పడలేదు, న్యూజిలాండ్ మీద 3-1 ఆధిక్యం పోగొట్టుకుని షూటౌట్‌లో ఇంటిదారి పట్టాం. అతన్ని విమర్శించేవాళ్లకి దొరికే బలమైన సాక్ష్యం ఇదే, దాన్ని సాకులు చెప్పి దాటవేయొద్దు. కెప్టెన్‌గా మొదటి పెద్ద పరీక్షలో అతని ఫ్లిక్ తప్పింది, టీమ్ దగ్గర ఇంకో దారి లేదు.

నాకు అసలైన ప్రశ్న అక్కడుంది. అతని బదులు ఎవరు? 2025లో హాకీ ఇండియా లీగ్ ఫైనల్లో మన తూఫాన్స్ మీద జుగ్‌రాజ్ సింగ్ హ్యాట్రిక్ కొట్టి బెంగాల్ టైగర్స్‌ని 4-3తో గెలిపించాడు. బాధే వేసింది, కానీ ఇండియా కోణంలో చూస్తే అది శుభవార్త. ఫ్లిక్ కొట్టడానికి రెండోవాడు ఉన్నాడు. మరి ఫ్లిక్‌తోపాటు ఆ పొడుగు ఏరియల్, ఆ తల ఎత్తి చూసే ఓర్పు జుగ్‌రాజ్ దగ్గర అంతే ఉన్నాయా? నా ఉద్దేశంలో ఇంకా లేవు. అందుకే హర్మన్‌ప్రీత్‌ని టీమ్‌లో ఉంచాల్సింది గోల్స్ కోసం కంటే ఎక్కువగా బంతి బయటికి తెచ్చే పని కోసం అని నేను వాదిస్తాను. గోల్స్‌కి ప్రత్యామ్నాయం తయారవుతోంది, ఈ పనికి ఇంకా అవ్వలేదు.

మాట్లాడేటప్పుడు

మొదలుపెట్టేముందు ఏ మ్యాచ్‌ల మీద మాట్లాడుతున్నామో ఇద్దరూ ఒప్పుకోండి. రెండో మూడో చాలు, ఇద్దరూ పూర్తిగా చూసినవే అయ్యుండాలి. హైలైట్స్ చూసి వచ్చినవాడితో డిఫెన్స్ గురించి వాదించడం దండగ, హైలైట్స్‌లో డిఫెన్స్ ఉండదు. ఏం చూస్తే మీ అభిప్రాయం మారుతుందో మీరే ముందు చెప్పండి. నా వరకు, వేగమైన ఫార్వర్డ్‌లున్న టీమ్‌తో వరుసగా రెండు మూడు మ్యాచ్‌ల్లో అతను సైడ్‌లైన్ వైపు ఒంటరిగా చిక్కకుండా తప్పించుకున్నాడంటే, వేగం గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటాను. ఎదుటివాళ్లనీ అలాగే అడగండి. "ఏం చూపించినా నేను మారను" అంటే అభిమానం అనుకుని టీ ఇప్పించండి, వాదన వద్దు.

"లక్కు", "ఫామ్", "పెద్ద మ్యాచ్ ఆటగాడు", ఈ మాటలు వాడినప్పుడల్లా పక్కన ఒక ఉదాహరణ పెట్టాలని ముందే షరతు పెట్టుకోండి. పెద్ద మ్యాచ్ అంటే ఏది? చెన్నైలో ఆ ఆసియన్ చాంపియన్స్ ట్రోఫీలో మలేషియాతో ఫైనల్ పెద్దదే కదా. 1-3 వెనకబడ్డ టీమ్‌ని 45వ నిమిషంలో స్ట్రోక్‌తో ఆటలోకి తెచ్చింది అతనే, అదే నిమిషంలో గుర్జంత్ సింగ్ సమం చేశాడు, తర్వాత ఆకాశ్‌దీప్ సింగ్ 56వ నిమిషంలో గెలిపించాడు. ఇలా పేరు, నిమిషం, స్కోర్ చెప్తే ఎదుటివాడికి కాదనడానికో ఒప్పుకోవడానికో ఒక పట్టు దొరుకుతుంది.

ఈసారి ఎగ్మోర్‌లో మ్యాచ్ పడితే టాస్‌కి అరగంట ముందే వెళ్లండి. వార్మప్‌లో రెండు టీమ్‌లూ కార్నర్లు ప్రాక్టీస్ చేస్తాయి, బంతి తోసేవాడు, ఆపేవాడు, ఫ్లికర్ ముగ్గురూ ఎవరెవరో, ఫ్లికర్ ఎక్కువగా ఏ మూలకి కొడుతున్నాడో రాసుకోండి. మ్యాచ్‌లో ఆ మూలకే కొట్టాడా, మార్చాడా, ఎన్నో కార్నర్‌కి మార్చాడు అన్నది మీ దగ్గర కాగితం మీద ఉంటే, బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర మీతో గెలవడం ఎవరి తరమూ కాదు.